రాసింది నేనే, చదవనిదీ నేనే

110/70. నా చేతిరాతలో ఎక్కువసార్లు పడిన అంకె ఇదే. గర్భిణుల కార్డుల మీద, ఓపీ రిజిస్టర్లో, కేస్ షీట్లలో, ట్యాబ్ వచ్చాక దాని తెర మీద. పందొమ్మిదేళ్ళ పిల్లకు ఇదే, మూడో కాన్పుకు వచ్చిన ముప్పై ఐదేళ్ళ తల్లికీ ఇదే. పత్తి చేను నుంచి ఎండలో నడిచి వచ్చి వరండాలో కూలబడినామెకూ ఇదే. ఇంతమందికి ఒకే బీపీ ఎలా ఉంటుందన్న అనుమానం నాకు ఒక్కరోజు కూడా రాలేదు. వాళ్ళందరినీ నేను చూశాననే నమ్మాను. పనిమంతురాలినని పేరు కూడా తెచ్చుకున్నాను.

మొదట్లో నిజంగానే కొలిచేదాన్ని. నేర్చుకున్నట్టే ఆమెను కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోనిచ్చి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, ముంజేతిని గుండె ఎత్తున బల్లకు ఆనించి, పాదరసం ఎక్కడ ఆగిందో వంగి చూసేదాన్ని. మాది 24 గంటల పీహెచ్‌సీ. కాన్పులు, టీకాలు, కుక్కకాటు సూదులు, రాత్రి డ్యూటీ, వాటి మీద రిజిస్టర్లు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షల రోజు పెట్టారు, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద. చాలా మంచి కార్యక్రమం అది, ఇప్పటికీ అదే మాట అంటాను. చుట్టుపక్కల ఊళ్ళ ఆశాలు ఆటోల్లో ఎక్కించుకుని తెచ్చేవారు. పదకొండయ్యేసరికి వరండా నిండిపోయేది. బీపీ యంత్రం ఒకటి, స్టూలు ఒకటి, నేనొకదాన్ని.

ముందు 116ను 120 చేశాను. తర్వాత 104ను 110 చేశాను. ఆ తర్వాత కిందటి నెల కార్డులో ఎంత ఉందో చూసి దాన్నే దించాను. కొలవడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఒక తప్పు చేస్తున్నానని తెలిసి చేసినట్టయితే ఎక్కడో ఒకచోట ఆగేదాన్నేమో. నాకు మాత్రం అది పని పూర్తి చేయడంలాగే ఉండేది. గడి ఖాళీగా ఉంటే తప్పు, నిండితే ఒప్పు. లోపల ఏముందో అడిగినవారు లేరు, నేనూ అడగలేదు.

ఆ 9వ తేదీల్లో ఒకనాడు వచ్చింది ఆమె. తొలిచూలు. పురిటికి పుట్టింటికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. వేలికి ఉండాల్సిన ఉంగరం పుస్తెలతాడుకు దారంతో కట్టి ఉంది. "చేతులు ఉబ్బుతున్నయ్ సిస్టరమ్మా, ఉంగరం ఎక్కుతలేదు" అంది వాళ్ళమ్మ. "నెలలు నిండుతుంటే నీరు వస్తది అమ్మా, ఏం కాదు" అన్నాను. కొత్తగా ఇచ్చిన డిజిటల్ యంత్రం పట్టీ చుట్టాను. అది గాలి నింపుకుని, వదిలి, అంకె చూపకుండా తప్పు గుర్తు చూపింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. వెనక వరస పెరుగుతోంది. కార్డు తిప్పాను. అత్తగారి ఊళ్ళో వేసిన మూడు బీపీలూ 110/70. నాలుగోది కూడా అదే వేశాను. తలనొప్పిగా ఉందా, కళ్ళు మసకబారుతున్నాయా, పొట్ట పైభాగాన నొప్పి ఉందా, మూత్రంలో ప్రోటీన్ చూశారా అని అడగడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఆమె పేరు ట్యాబ్‌లో వెతకడానికి పోయింది.

తర్వాతి వారంలో ఆమెకు ఇంట్లో ఫిట్స్ వచ్చాయి. మన ఊళ్ళలో గుర్రపువాతం అనేది అదే, ఎక్లాంప్సియా. వాళ్ళు మొదట ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గరికి పరుగెత్తారు. ఆయన కార్డు అడిగి చూశాడు. బీపీ నాలుగుసార్లూ బాగానే ఉంది కదా, ఇది మూర్ఛ రోగం అయి ఉంటుందని చెప్పి ఆ మందు వేశాడు. రెండోసారి ఫిట్స్ వచ్చాక 108 పిలిచారు. పెద్దాసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, ఆపరేషన్ చేసి, నెలలు నిండని బిడ్డను బయటికి తీశారు. తల్లీ బిడ్డా బతికారు. ఆ ఆర్ఎంపీ మీద నాకు కోపం లేదు. ఆయన చదివింది నా చేతిరాత. నేను కార్డు ఖాళీగా వదిలేసినా ఆమెకు అంత నష్టం జరిగేది కాదు. బీపీ చూడలేదని తెలిస్తే ఎవరో ఒకరు చూసేవారు. చూసినట్టు రాసి ఆ దారి నేనే మూసేశాను.

ఆ నెల సమీక్షలో మా పీహెచ్‌సీ ఎంట్రీ నూటికి నూరు శాతం. తెర మీద మా గడి ఆకుపచ్చగా ఉంది. అందరి ముందు లేపి మెచ్చుకున్నారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టి కూర్చున్నాను. నా మూర్ఖత్వం అంతా ఆ నమస్కారంలో ఉంది. ఆమె పెద్దాసుపత్రిలో ఉందని అప్పటికే నాకు తెలుసు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. అది వైద్యం సంగతి, ఇది డేటా సంగతి అనుకున్నాను.

మందు ఇవ్వడం, సెలైన్ పెట్టడం, బిడ్డను పట్టడం మన పని. రాయడం పైవాళ్ళ పని, వాళ్ళ కోసం మనం చేసిపెడుతున్నాం అన్నది మా అందరి నమ్మకం. కాగితం రోజుల్లోనూ అంతే. 2009లో తల్లీబిడ్డల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎంసీటీఎస్ వచ్చింది. తర్వాత ఆర్‌సీహెచ్ పోర్టల్, ఏఎన్ఎంల చేతికి అన్మోల్ యాప్ ఉన్న ట్యాబులు వచ్చాయి. ఒక గర్భిణి ఏ ఊరు వెళ్ళినా ఆమె ఐడీ నంబరుతో వివరాలు ఆమె వెంట వెళ్ళాలన్నది ఆలోచన. మన దగ్గర ఇంతకంటే అవసరమైనది ఇంకోటి లేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఐదు నెలలు అత్తగారి ఊళ్ళో ఒక ఏఎన్ఎం చూస్తుంది, ఏడో నెల దాటాక ఇంకో మండలంలో ఇంకొకరు చూస్తారు. ఈమెకు ముందు సంగతి తెలియదు, ఆమెకు తర్వాతి సంగతి తెలియదు. ఆ ఖాళీ పూడ్చడానికే ట్యాబ్ వచ్చింది. దాంట్లోకి నేను ఏం పంపాను?

కడపటి నెలసరి తేదీ తీసుకోండి. దాన్నుంచి 280 రోజులు లెక్కేసి కాన్పు తేదీ యంత్రమే చెబుతుంది. కానీ మా ఆడవాళ్ళు తేదీలు చెప్పరు. "బతుకమ్మ పోయిన వారానికి", "బోనాలప్పుడు", "మా ఆడబిడ్డ పెళ్ళికి ముందు" అంటారు. ఆ మాటలో కావలసినంత సమాచారం ఉంది. పక్కనే గోడకు క్యాలెండర్ ఉంటుంది, పండుగ ఏ రోజు పడిందో చూసి, "పండుగకు తలస్నానం చేశావా, పూజలో కూర్చున్నావా" అని అడిగితే రెండు మూడు రోజుల తేడాతో తేదీ దొరుకుతుంది. మా అమ్మమ్మల కాలం మంత్రసానులు అలాగే లెక్క కట్టేవారు. నేను 1వ తేదీ వేశాను, లేదంటే 15. తేదీ పడకపోతే ట్యాబ్ ముందుకు కదలదు కనుక ఏదో ఒకటి వేసి కదిలించాను. రెండు వారాలు అటూ ఇటూ అయితే ఏమవుతుందో నర్సుగా నాకు తెలియని సంగతి కాదు. నెలలు నిండకుండానే తేదీ దాటిందని నొప్పులు రప్పించడానికి సూది పెడతారు. నిజంగా దాటిన ఆమెను ఇంకా టైముందని ఇంటికి పంపుతారు. చదువులో తెలిసిన సంగతి ట్యాబ్ ముందు కూర్చుంటే గుర్తుకు రాలేదు.

ఫోను నంబరూ అంతే. భర్త దుబాయిలోనో బొంబాయిలోనో ఉంటాడు, ఇంట్లో ఫోను మరిది చేతిలో ఉంటుంది, లేదా అసలు ఉండదు. నేను ఆశా నంబరు వేశాను. ఒకే ఆశా నంబరు ఎంతమంది పేర్ల మీద వేశానో లెక్క లేదు. ఇంతమంది తల్లుల కబుర్లు ఒక్క ఫోనుకు వచ్చేవి. ఆ ఆశా పొలంలో ఉండేది.

వాట్సాప్ గ్రూపులో చేసిన పని ఇంకా పెద్దది. సాయంత్రంలోగా గర్భిణుల జాబితా పంపమని పైనుంచి కబురు వస్తే, రిజిస్టర్ పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆ పేజీలో రక్తపరీక్షల గడులు కూడా ఉన్నాయి. ఒకామెకు హెచ్ఐవీ ఉందని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ గ్రూపులో ఆమె అత్తవారి బంధువు ఒకరు ఉన్నారు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. చట్టం లేకపోయినా అలా చేయకూడదని తెలిసి ఉండాల్సింది. ఆమె మళ్ళీ మా పీహెచ్‌సీకి రాలేదు. మందులు ఎక్కడ తీసుకుందో, తీసుకుందో లేదో నాకు తెలియదు. నా చేతిలోని ఫోను కెమెరా, నా చేతిలోని సిరంజి, రెండూ మనిషికి హాని చేయగలవని ఎవరూ చెప్పకముందే నాకు తెలిసి ఉండాలి.

లేబర్ రూమ్ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. పార్టోగ్రాఫ్ అనే కాగితం మీకు తెలియకపోవచ్చు. నొప్పులు మొదలైన స్త్రీకి గర్భసంచి నోరు గంటగంటకూ ఎంత తెరుచుకుంటోంది, బిడ్డ తల ఎంత దిగింది, బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఉమ్మనీరు ఏ రంగులో ఉంది, తల్లి బీపీ, నాడి, అన్నీ ఒక్క పేజీ మీద గ్రాఫుగా గీయాలి. 1972లో రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు వైద్యులు ఆ గ్రాఫు మీద రెండు వాలు గీతలు చేర్చారు. మొదటి గీత దాటితే జాగ్రత్తపడాలి. దానికి నాలుగు గంటల అవతల ఉన్న రెండో గీత దాటితే ఏదో ఒకటి చేసి తీరాలి. పెద్దాసుపత్రికి దూరంగా, డాక్టరు లేనిచోట ఒంటరిగా కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌కు ఎప్పుడు బండి పిలవాలో తెలియాలని గీసిన గీతలు అవి. అంటే నాకోసమే. రాత్రి రెండు గంటలకు మా పీహెచ్‌సీలో ఆయమ్మతో కలిసి నిలబడిన నాకోసం. 1990-91లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండోనేసియా, మలేసియా, థాయ్‌లాండ్‌లలో 35,484 మంది తల్లుల మీద దీన్ని పరీక్షించింది. మరీ ఎక్కువసేపు సాగే కాన్పులు వందకు 6.4 నుంచి 3.4కు తగ్గాయి. నొప్పుల సూదులు వందకు 20.7 నుంచి 9.1కి తగ్గాయి. కడుపులోనే బిడ్డ పోవడమూ తగ్గింది.

నేను పార్టోగ్రాఫ్‌ను కాన్పు అయ్యాక గీసేదాన్ని. బిడ్డ ఏడ్చి, మాయ పడి, కుట్లు వేసి, తల్లిని వార్డుకు మార్చి, చేతులు కడుక్కుని, టీ తాగి, అప్పుడు కూర్చుని గీసేదాన్ని. కాన్పు టైము తెలుసు కనుక వెనక్కి లెక్క కట్టి చుక్కలు పెట్టడం తేలిక. నా గ్రాఫుల్లో ఏ తల్లీ మొదటి గీత దాటలేదు. బిడ్డ గుండె ఎప్పుడూ 140. చూసినవారు ఎంత చక్కగా గీశారో అన్నారు. ఇల్లు కాలిపోయాక ఫైరింజన్‌కు ఫోన్ చేసిన టైమును రిజిస్టర్లో అందంగా రాసుకున్నట్టు. గీత దాటుతున్న తల్లి మంచం మీద ఉన్నప్పుడు ఆ కాగితం సొరుగులో ఉంది.

పుట్టిన బిడ్డల బరువు సంగతి కూడా చెప్పేస్తాను. డిజిటల్ తూకం గ్రాములతో సహా చూపిస్తుంది. 2 కిలోల 380 గ్రాములు అని చూపించిన బిడ్డకు 2.5 అని రాశాను. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ. వేరే జాబితా, వేరే ఫోన్లు, సమీక్షలో ఎందుకు ఇంతమంది అనే ప్రశ్న. 120 గ్రాములు కలిపితే ఆ ప్రశ్నలేవీ ఉండవు. ఆ బిడ్డకు అదనంగా జరగాల్సిన ఇంటి సందర్శనలు, తల్లి గుండెకు ఆనించి పెట్టుకునే కంగారూ పద్ధతి నేర్పడం, పాలు సరిగా తాగుతున్నాడో లేదో చూడడం కూడా ఉండవు. నేను రాసిన అంకె వల్ల వాడి బరువు ఒక్క గ్రాము పెరగలేదు.

కళ్ళు తెరిపించింది మిడ్‌వైఫరీ శిక్షణ. దాని వెనకా ఒక అంకె ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో వంద కాన్పుల్లో దాదాపు 58 ఆపరేషన్లే అని తేలింది. సహజ కాన్పులు చేయగలిగిన మిడ్‌వైఫ్‌లు కావాలని 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. కొన్నేళ్ళ తర్వాత అలాంటి శిక్షణకు నేనూ వెళ్ళాను. 2019-21 సర్వేకు ఆ 58 తగ్గకపోగా 60.7 అయింది. మిడ్‌వైఫ్‌ల పని ఇంకా ఎంత మిగిలి ఉందో అదే చెబుతుంది. శిక్షణలో ఉండగా నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. ఎవరో ఆ సర్వే కాగితాలు చదివారు కాబట్టి నేను ఆ తరగతి గదిలో కూర్చున్నాను.

అక్కడ మా మేడమ్ ఒక పని ఇచ్చారు. మీ పాత రిజిస్టర్ తెచ్చుకోండి, బీపీల చివరి అంకెలు మాత్రం లెక్కపెట్టండి అన్నారు. పాదరసం మీటరు మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. సరిగా చదివితే చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఏదైనా కావచ్చు, సున్నాలు ఐదింట ఒక వంతుకు అటూ ఇటూగా ఉండాలి. నేను పెన్సిల్ పట్టుకుని మొదలుపెట్టాను. పేజీ తర్వాత పేజీ సున్నాలే. మొదటి పేజీల్లో అక్కడక్కడా ఒక 6, ఒక 4 ఉన్నాయి, నేను కొత్తగా చేరిన నెలలవి. పోను పోను అవి మాయమయ్యాయి. నేను కొలవడం మానేసిన రోజు ఏదో నా రిజిస్టర్‌కు తెలుసు. నేను ఏళ్ళ తరబడి దాన్ని మోశాను, సంతకం పెట్టాను, బీరువాలో తాళం వేశాను. ఒక్కసారి తెరిచి చదివి ఉంటే అది నాకు చెప్పేది.

ఆ శిక్షణలోనే వియన్నా సంగతి విన్నాను. అక్కడి పెద్దాసుపత్రిలో 1840లలో రెండు పురిటి విభాగాలుండేవి. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్ళు కాన్పులు చేసేవారు. 1846లో మొదటి విభాగంలో వందకు పదకొండు మందికి పైగా తల్లులు చనిపోయారు, రెండోదాంట్లో వందకు ముగ్గురు కూడా లేరు. ఆ అంకెలు ఆసుపత్రి పుస్తకాల్లో ఏడాది ఏడాది పడుతూనే ఉన్నాయి. సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు వాటిని పక్కపక్కన పెట్టి, ఎందుకిలా అని పట్టుదలగా అడిగాడు. శవపరీక్ష గది నుంచి నేరుగా వచ్చే విద్యార్థుల చేతులే కారణమని గ్రహించి, 1847లో క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. మరణాలు పడిపోయాయి. మంత్రసానుల చేతులు శుభ్రమైనవని చెప్పినవి వాళ్ళ అంకెలే. వాటిని వాళ్ళెవరూ చదివి ఉండరు. అది నా గుండెను పట్టేసింది.

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మనకు దీపం గుర్తుకొస్తుంది. మే 12న కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆమె క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని నెలనెలా లెక్కలు కట్టి, 1858లో రంగుల చిత్రంగా గీసి పాలకుల ముందు పెట్టింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీకి తొలి మహిళా సభ్యురాలు. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా ఇక్కడి పారిశుద్ధ్యం, కరువుల లెక్కలు తెప్పించుకుని చదివింది. మన గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో నీటిపారుదల గురించి ఉత్తరాలు నడిపింది. మాకు నర్సింగ్ స్కూల్లో ఆమె పేరు మీద ప్రతిజ్ఞ చేయించారు. ఆమె లెక్కల పుస్తకం గురించి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అని ఒకప్పుడు అనుకున్నాను. చెప్పినా నేను వినేదాన్నా అన్నది వేరే సంగతి. ట్యాబ్‌లో 110/70 వేస్తున్న చేతికి లెక్క రాయడం తన వృత్తిలోని భాగమని తెలియదు.

యంత్రాల మీద నాకు కోపం లేదు. కానీ యంత్రం చెప్పినదంతా నమ్మడమూ అదే మూర్ఖత్వానికి ఇంకో వైపు. ప్రీ ఎక్లాంప్సియా ఉన్న స్త్రీకి చాలా ఆటోమేటిక్ బీపీ యంత్రాలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. గర్భిణుల మీద ప్రత్యేకంగా పరీక్షించి సరిచూసిన రకాలు వేరే ఉంటాయి, కొనేటప్పుడు అవే అడగాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె పెరుగుతుంది. గోళ్ళ రంగు ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు తప్పు చెప్పవచ్చు. యంత్రం తప్పు గుర్తు చూపినప్పుడు అది మనల్ని వేడుకుంటున్నట్టే లెక్క, ఇంకో యంత్రం తెచ్చుకోమని, స్టెతస్కోపు పెట్టుకోమని. ఆ 9వ తేదీన నాకు అది అడ్డంకిలా కనిపించింది. నిజానికి ఆ గదిలో ఆ రోజు నిజం చెప్పింది అదొక్కటే.

ఇప్పుడు పనిచేసే లేబర్ రూమ్‌లో మేం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ వాడుతున్నాం. గర్భసంచి నోరు 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. మొదటి వరసల్లోనే పక్కన తోడు మనిషి ఉందా, నొప్పికి ఏమైనా చేశారా, తాగడానికి ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అని అడుగుతుంది. ఆ గడి నింపాలంటే ఆమె ముఖం చూడాల్సిందే. "అక్కా, మీ అమ్మను లోపలికి పిలవనా" అని అడిగి, ఆమె జవాబు విని, అప్పుడు రాయాలి. మంచం పక్కనే నిలబడి రాయాలి. తర్వాత రాద్దామంటే కుదరని కాగితం అది.

నెలాఖరున మేం నలుగురం సిస్టర్లం కూర్చుని మా సొంత రిజిస్టర్ చదువుతాం. బీపీల చివరి అంకెలు, సరిగ్గా 2.5 దగ్గర ఆగిన బరువులు, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య బిడ్డ గుండె చప్పుడు రాయని గడులు. ఆ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఎవర్నీ తిట్టుకోం. ఖాళీగా ఉంచినందుకు ఒక సిస్టరును మెచ్చుకున్నాం కూడా, ఆ టైములో ఆమె ఒక్కతే రెండు కాన్పులు పట్టింది. ఆ కాగితం పట్టుకుని వెళ్ళి రాత్రికి ఇంకో మనిషి కావాలని అడిగాం. ఊరికే అడిగినప్పుడు ఇవ్వలేదు, అంకె చూపించి అడిగితే ఇచ్చారు.

ఆ ఉంగరం అమ్మాయిని తర్వాత ఒకసారి టీకా రోజున చూశాను. బిడ్డను ఎత్తుకుని వచ్చింది. జరిగింది చెప్పాను. కార్డు మీద అంకె నేను కొలవకుండా వేశానని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. వాళ్ళమ్మ మాత్రం చాలాసేపు నావైపు చూసి, "మేము చదువుకోలేదమ్మా, రాసిందే నమ్మినం" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న చెల్లెళ్ళు ఇది చదువుతుంటే ఒకటే అడుగుతున్నాను. కొలవలేకపోతే గడి ఖాళీగా వదిలి, పక్కన 'చూడలేదు' అని రాయండి. ఎందుకు చూడలేకపోయారో కూడా రాయండి. దానికి మాట పడాల్సి వస్తే పడండి.

జిల్లా అధికారులకు ఒక విన్నపం. ఖాళీ గడి చూపిన సిస్టరును సమీక్షలో నిలబెట్టకండి. నూటికి నూరు శాతం నిండిన పీహెచ్‌సీకి ముందు ఒక మనిషిని పంపి, ఆ బీపీల చివరి అంకెలు చూడమనండి. మేం పైకి పంపిన అంకెలను నెలకు ఒక్కసారి, ఒక్క పేజీగా, మా చేతికే తిరిగి ఇవ్వండి. మా లేబర్ రూమ్ గోడకు ఉన్న పేజీ మేమే స్కేలు పెట్టి గీసుకున్నది. దానికి కావలసిన అంకెలన్నీ మీ కంప్యూటర్లో ఉన్నాయి.